చీటీ చదవని స్లైడు

నెల్లూరు బస్సెక్కి వచ్చి చెన్నై మాధవరంలో దిగిన మూడో వారానికే నా వేళ్లు పచ్చబడ్డాయి. హాస్టల్ ఆంటీ చూసి, "ఏమ్మా, పెళ్లి కుదిరిందా? చెప్పనేలేదే!" అంది. పసుపు కాదు ఆంటీ, బోయిన్ ద్రావణం అన్నాను. పిక్రిక్ యాసిడ్, ఫార్మలిన్, ఎసిటిక్ యాసిడ్ కలిపిన నీళ్లు. కోసిన ముక్కలో కణాలు పాడవకుండా అందులో నానబెడతాం. గ్లవ్ చిరిగిందా, ఆ పచ్చదనం సబ్బుకి లొంగదు.

ఏం ముక్కలన్నది ఆంటీకి చెప్పలేదు. అమ్మ అడిగితే "బాతులమ్మా" అని సరిపెట్టాను. మగ పెద్దబాతుల వృషణాలని, పక్కన నాన్న వింటుండగా ఫోన్లో ఎలా చెప్పను? నిజానికి పక్షికి అవి బయటికి కనబడవు. పొట్ట లోపల, మూత్రపిండాల దగ్గర ఉంటాయి. మన మగవాళ్లలో వీర్యకణాలకు కాస్త చల్లదనం కావాలి. పెద్దబాతుకి 40 డిగ్రీలు దాటిన ఒంటి వేడిలోనే అవి తయారవుతాయి.

మైనంలో బిగించిన ముక్కని మైక్రోటోమ్ మీద 5 మైక్రాన్ల మందాన కోసి, గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, గాజుపలక మీదకి ఎక్కించి రంగు వేయాలి. నా మొదటి స్లైడ్లలో, వీర్యకణాలు తయారయ్యే వీర్యనాళికలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. మధ్యలో ఖాళీ లేదు, వీర్యకణం ఒక్కటీ లేదు. సూపర్‌వైజర్ సార్ చూసి "వాత్తు!" అన్నారు. వాత్తు అంటే బాతని తెలుసు. బుర్ర తక్కువ వాళ్లనీ తమిళంలో అలాగే తిడతారని తెలీదు. స్లైడు గురించే అడుగుతున్నారనుకుని "అవును సార్" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ముక్క పాడుచేశానని రిజిస్టర్లో రాశారు.

సాయంత్రం మా సీనియర్ అక్క మళ్లీ చూసింది. "పాడైతే చిరగాలి కదమ్మా, గోడ చూడు ఎంత శుభ్రంగా ఉందో." నాళిక గోడ వెంట, ఎదిగే వీర్యకణాలను పోషించే సెర్టోలి కణాలు, వాటి మధ్య వీర్యకణాలకు మూలమైన స్పెర్మటోగోనియాలు వరుసగా ఉన్నాయి. వాటి తర్వాతి దశలే లేవు. అక్క సీసాతో వచ్చిన చీటీ అడిగింది. ఫారం వాళ్లు తమిళంలో రాసిన చీటీ, నాకు చదవడం రాక పక్కన పడేశాను. అందులో ఉన్నది రెండే మాటలు: "ముట్టై నిన్నాచ్చు." గుడ్లు ఆగిపోయాయి.

ఆడవి గుడ్లు మానేసే కాలానికి మగవాటి వృషణాలూ కుంచించుకుపోతాయట. పగటి వెలుగు పుర్రెలోంచి కూడా మెదడుకి చేరుతుందని, పగలు ఎంతసేపుందో అది లెక్క కట్టి హార్మోన్లు పెంచడం, తగ్గించడం చేస్తుందని అక్క టీ తాగుతూ చెప్పింది. రిజిస్టర్లో నేను ముక్క పాడుచేశానన్న మాట మాత్రం ఎవరూ కొట్టేయలేదు.

కొన్ని నెలలకి ఇంకో సీసా వచ్చింది. అప్పటికి బస్సు బోర్డులు చూసి నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదివితే "ముట్టై పోడుదు" అని ఉంది. గుడ్లు పెడుతున్నాయి. ఈసారి నాళికలు ఉబ్బి ఉన్నాయి. గోడ నుంచి లోపలికి ఆ తర్వాతి దశలన్నీ ఉన్నాయి: స్పెర్మటోసైట్లు, గుండ్రటి స్పెర్మటిడ్లు, ఆపైన పొడవుగా సాగినవి. వాటి తలలు సెర్టోలి కణాల్లో గుచ్చుకుని, తోకలు మధ్య ఖాళీలోకి వేలాడుతూ, అచ్చం మా పొలంలో బురదలో నాటిన నారు కుదుళ్లలా ఉన్నాయి. సార్‌ని పిలిచాను. చాలాసేపు చూసి, "వాత్తుదానే?" అన్నారు.

"ఈసారి బాతే సార్" అన్నాను.