ఫీజు తక్కువే, చదువు మాత్రం అందదు

ప్రభుత్వ యూనివర్సిటీ ఫీజుల మాట వచ్చినప్పుడల్లా గొడవంతా ఒక్క అంకె చుట్టూనే తిరుగుతుంది. ఎంత పెంచారు, ఎంత తగ్గించారు, మొత్తానికి ఎత్తేస్తే పోలా అని. ఎత్తేస్తే పేదపిల్లలు చదువుకుంటారని ఒకరంటారు, లేదు, ఉన్నవాళ్ల పిల్లలకే లాభమని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నాకు మాత్రం అసలు చిక్కు వేరే చోట కనిపిస్తుంది: సాయం ఎంత వస్తుందో చేరకముందే గట్టిగా చెప్పేవాళ్లు ఉండరు, వచ్చేది కూడా కట్టాల్సిన రోజుకి చేతికి రాదు.

దీనికి అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ చేసిన ప్రయోగం మంచి సాక్ష్యం. 2015లో ఆ రాష్ట్రంలో బాగా చదివే, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లల్ని ఎంచుకుని కొందరికి ఒక పెద్ద కవరు పంపారు. అందులో ఉన్న సంగతి ఒక్కటే: నువ్వు అప్లై చెయ్యి, సీటు వస్తే నాలుగేళ్ల ట్యూషన్ ఫీజు (చదువు చెప్పినందుకు కాలేజీకి కట్టేది), మిగతా ఫీజులు మావి, దీనికోసం సాయం ఫారాలేవీ నింపక్కర్లేదు. వాళ్ల తల్లిదండ్రులకీ, స్కూల్ ప్రిన్సిపాల్‌కీ కూడా విడిగా ఉత్తరాలు వెళ్లాయి. తమాషా ఏంటంటే, ఫారాలన్నీ ఓపిగ్గా నింపి, సీటొచ్చాక లెక్క తేలేదాకా ఎదురుచూస్తే, ఆ పిల్లల్లో చాలామందికి ఇంచుమించు అంత సాయం ఎలాగూ వచ్చేదే! అంటే డబ్బు పెద్దగా పెరగలేదు, మాట ముందుగా ఇచ్చారంతే. కవరు అందనివాళ్లలో 26 శాతం మంది అప్లై చేస్తే అందినవాళ్లలో 68 శాతం మంది చేశారు. చేరినవాళ్లు 12 శాతం నుంచి 27 శాతానికి పెరిగారు.

ఫారం నింపడం అంత కష్టమా అని అడిగేవాళ్లు ఆ ఫారాన్ని ఒక్కసారి దగ్గర పెట్టుకుని చూడాలి. కుటుంబ వార్షికాదాయం ఎంత అని ఒక గడి ఉంటుంది. ఈ నెల పని దొరికి, వచ్చే నెల దొరుకుతుందో లేదో తెలియని ఇంట్లో ఆ గడిలో ఏం రాస్తారు? తల్లి రెండు చోట్ల పని చేస్తుంది, రెండు చోట్లా జీతం కాగితం ఇవ్వరు. తండ్రి ఎప్పుడో వెళ్లిపోయాడు, కానీ ఆయన సంతకం కావాలి. జీతాల మీద బతికే ఇళ్లలో అరగంటలో అయిపోయే పని ఇక్కడ వారాల తరబడి సాగుతుంది, ఈలోపు గడువు దాటిపోతుంది. పేదరికాన్ని రుజువు చేసుకునే బాధ్యత పేదవాడి మీదే పెట్టడం నాకెప్పుడూ మింగుడుపడని విషయం.

సరే, ఫీజే లేదనుకుందాం. జర్మనీలో ట్యూషన్ ఫీజు పెట్టిన రాష్ట్రాలు ఒక్కొక్కటిగా వెనక్కి తగ్గి, ఆఖరికి 2014లో లోవర్ సాక్సనీ కూడా తీసేసింది. అయినా మ్యూనిక్ లాంటి ఊళ్లో చదవాలంటే గది అద్దె కట్టాలి కదా. అందుకే వాళ్లకి 1971 నుంచీ బాఫోగ్ అని నెలనెలా ఇచ్చే సాయం ఉంది, సగం ఉచితం, సగం వడ్డీలేని అప్పు, తిరిగి కట్టాల్సింది 10,010 యూరోలకి మించదు. పరిమితి ముందే చెప్పారు కాబట్టి ధైర్యంగా అడుగు వేయొచ్చు, అయితే మ్యూనిక్ అద్దెకి ఆ సాయం చాలదన్నది వేరే సంగతి.

ఇంగ్లండ్‌ది దీనికి అడ్డం తిరిగిన కథ. 1998లో ఏడాదికి 1,000 పౌండ్ల దాకా ఫీజు మొదలైంది, 2012కి గరిష్ఠంగా 9,000 అయింది. ఆ ఫీజు అప్పుగా ఇస్తారు, జీతం ఒక స్థాయి దాటాకే కట్టించుకుంటారు (ఈ పద్ధతిని దేశమంతటా మొదట పెట్టింది ఆస్ట్రేలియా, 1989లో), కాబట్టి అది మామూలు బ్యాంకు అప్పులాంటిది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ తిండికీ అద్దెకీ తక్కువ ఆదాయం వాళ్లకి ఇచ్చే గ్రాంటుని కూడా 2016లో తీసేసి అప్పుగా మార్చారు. ఆదాయం ఎంత తక్కువైతే ఈ అప్పు అంత ఎక్కువ దొరుకుతుంది. ఫలితంగా, ఇంటి నుంచి పైసా రాని పిల్లలే ఎక్కువ అప్పుతో బయటికి వస్తున్నారు.

చిలీ 2016లో తక్కువ ఆదాయం వాళ్లకి ఫీజు ఎత్తేసింది, 2011 నుంచీ విద్యార్థులు వీధుల్లో పోరాడి సాధించుకున్నది. బాగుంది. కానీ ఆ ఉచితం కోర్సు ఎన్నేళ్లని కాగితం మీద ఉందో అన్నేళ్లకే. రాత్రిళ్లు పని చేసుకుంటూ చదివి, ఒకట్రెండు సబ్జెక్టులు పోగొట్టుకుని ఏడాది ఆలస్యమైతే మళ్లీ బిల్లు వస్తుంది. ఆలస్యం ఎవరికి ఎక్కువ అవుతుందో రూలు రాసినవాళ్లకి తట్టలేదా?

చివరికొచ్చేసరికి చదువు ఆగిపోయే మొత్తాలు చూస్తే ఒళ్లు మండుతుంది. అమెరికాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఫీజు బకాయి వల్ల పేరు కొట్టేస్తున్న విద్యార్థుల లెక్క తీస్తే, డిగ్రీ చేతికొచ్చే దశలో ఉన్నవాళ్లు కూడా కొన్ని వందల డాలర్ల దగ్గర ఆగిపోతున్నారని తేలింది. 2011 నుంచి యూనివర్సిటీయే ఆ బాకీ తీర్చడం మొదలుపెట్టింది, సగటున ఒక్కొక్కరికి 900 డాలర్లు. దానికి అప్లికేషన్ లేదు. ఖాతాలు చూసి, చదువు సరిగ్గా సాగుతున్నవాళ్లని వాళ్లే ఎంచుకుని, డబ్బు జమ చేసి ఆ తర్వాత కబురు చేస్తారు. బాకీల లిస్టు ప్రతి యూనివర్సిటీ దగ్గరా ఉంటుంది, ఎక్కువచోట్ల దాన్ని బయటికి తీసేది ఫైను వేయడానికే.