రోజూ పొద్దున్నే 2009కి పోయే మా కంప్యూటర్

నేను ఇంట్లో కూర్చుని డీటీపీ పని చేసుకుంటా. స్కూళ్ళకి ప్రశ్నపత్రాలు, పెళ్ళి కార్డుల మ్యాటరు, అప్పుడప్పుడూ ఎవురిదన్నా థీసిస్. టైపింగ్ తప్ప కంప్యూటర్ లోపల ఏముంటాదో నాకు తెలీదు, తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా. మాది కడప, ఎర్రముక్కపల్లి. సిస్టం పాతదే, నాలుగో జనరేషన్ ఐ3, విండోస్ 10, కొని పదేళ్ళు దాటింది, ఇంతవరకు పెద్దగా ఏడిపించింది లేదు.

పోయిన వినాయక చవితి అయినాక మొదలైంది గోల. పొద్దున ఆన్ చేసి క్రోమ్ తెరిస్తే జీమెయిల్ రాదు, వాట్సాప్ వెబ్ రాదు, మీ గడియారం వెనకబడి ఉంది అని ఒక పేజీ వస్తాది. నేను తలెత్తి గోడ గడియారం చూశా. ఎనిమిదిన్నర, కరెక్టుగానే ఉంది. నవ్వుకోండి, నిజంగానే చూశా. ఇది నెట్ సమస్య అనుకుని రౌటర్ ఆపి వేసి, కేబుల్ పీకి పెట్టి, నెట్ అబ్బాయికి ఫోన్ చేసి, ఆ అబ్బాయి వచ్చి తన ఫోన్లో చూసి "బాగానే వస్తాందక్కా" అని పోయినాక గానీ స్క్రీన్ కింద మూల నా కంట పడలేదు. 2009 జనవరి 1, రాత్రి 12 గంటల 9 నిమిషాలు.

సరే, డేటు మార్చా. అన్నీ వచ్చేశాయి. ఇంతేనా అనుకున్నా. మరుసటి రోజు పొద్దున మళ్ళా 2009. ఆ తర్వాత రోజూ అంతే.

ఇంకో తలనొప్పి ఏమంటే, నెట్ అవసరం లేని రోజు డేటు మార్చకుండానే టైప్ చేసుకుంటూ పోయేదాన్ని. సాయంత్రం చూస్తే ఫైలు కనపడదు. రెండు గంటలు కష్టపడి కొట్టిన పదో తరగతి సోషల్ పేపర్ పోయిందని ఏడుపు ఒక్కటే తక్కువ. తీరా చూస్తే అది యాడికీ పోలేదు, కొత్తవి పైన ఉండేట్టు పెట్టుకున్నా కదా, దీని తేదీ 2009 కాబట్టి ఫోల్డర్లో అన్నిటికన్నా అడుగున పడి ఉంది.

బెంగళూరులో ఉండే మా తమ్ముణ్ణి అడిగితే టైం ఆటోమేటిక్ లో పెట్టు అన్నాడు, పెట్టినా లాభం లేదు. టైం జోన్ చూడమన్నాడు, ఇండియానే ఉంది. ఆఖరికి నల్ల విండో తెరిపించి ఫోన్లో ఒక్కో అక్షరం చెప్పి ఏదో కమాండ్ కొట్టించినాడు. దానికి వచ్చిన జవాబేందంటే, మార్చాల్సిన టైం మరీ ఎక్కువగా ఉంది కాబట్టి నేను మార్చను అని. మామూలుగా మన ఇళ్ళల్లో సిస్టములకి 15 గంటల కన్నా ఎక్కువ తేడా ఉంటే విండోస్ తనంతట తాను సరిచేయదంట. ఇక్కడ తేడా పదహారేళ్ళు, అది మాత్రం ఏం చేస్తాది పాపం.

సర్లే అని రిపేరు షాపుకి మోసుకుపోయా. షాపు పేరొద్దు. వైరస్ ఉంది, ఫార్మాట్ కొట్టాల అన్నారు. కొట్టించా, ఐదు వందలు. రెండు రోజులు వాళ్ళ దగ్గరే పెట్టుకుని బాగుంది పట్టుకపో మేడం అన్నారు. ఇంటికొచ్చి తెలుగు టైపింగుకి వాడే 'అను' ఫాంట్లన్నీ మళ్ళా ఎక్కించుకునేసరికి ఒక పూట పోయింది, తెల్లారి ఆన్ చేస్తే 2009. మళ్ళా పోతే మా దగ్గర ఒక్కసారి కూడా రాలేదు మేడం, మీ ఇంట్లోనే ఏదో ఉంది, అయినా విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, ఈ ప్రాసెసర్ కి 11 పడదు, కొత్తది తీసుకోండి అన్నారు. సపోర్ట్ సంగతి నిజమే గానీ నా జబ్బుకీ దానికీ ఏం సంబంధం?

మీ ఇంట్లోనే ఏదో ఉంది అన్న మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

కార్తీకమాసంలో మా అత్తమ్మ ప్రొద్దుటూరులో కూతురింటికి పోయింది, నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ డేటు చెక్కు చెదరలేదు. నేను గమనించను కూడా లేదు, పండక్కి పని ఎక్కువై మునిగిపోయి ఉన్నా. ఆమె తిరిగొచ్చిన మరుసటి పొద్దున మళ్ళా జనవరి 1. మా ఆయన కాఫీ తాగుతా "మా అమ్మ రాగానే దీనికీ పిచ్చి పట్టిందే" అని జోక్ వేసినాడు. నేను నవ్వలేదు. ఎందుకంటే మా అత్తమ్మకి రాత్రి పూట ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాను తప్ప ఒక్క స్విచ్చి ఆన్ లో ఉన్నా నిద్ర పట్టదు. అందరం పడుకున్నాక ఒకసారి ఇల్లంతా తిరిగి టక్ టక్ టక్ అని ఆపుకుంటూ వస్తాది. కంప్యూటర్ స్విచ్ బోర్డుతో సహా.

ఆ సంగతి చెప్పగానే మా తమ్ముడు "అక్కా, సెల్లు అయిపోయిందే" అన్నాడు. మదర్ బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు ఒకటి ఉంటాదంట. సిస్టం షట్ డౌన్ చేసినా ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు ఆ కరెంటుతోనే లోపలి గడియారం నడుస్తాది. స్విచ్చి ఆపితే సెల్లే దిక్కు. అది చచ్చిపోయి ఉంటే గడియారం ఆగిపోయి మళ్ళా మొదటికి వస్తాది. షాపులో రాత్రి స్విచ్ బోర్డు ఆపే అత్తమ్మ లేదు, అందుకే అక్కడ బాగుండేది. ఇంక సైట్లు తెరుచుకోకపోవడం ఎందుకంటే, ప్రతి సైటుకీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఒక సర్టిఫికెట్ ఉంటాది, 2009లో కూర్చుని చూసేవాడికి అది ఇంకా పుట్టని బిడ్డ ఆధార్ కార్డు లాంటిది, క్రోమ్ నమ్మదు.

వై.వి. స్ట్రీట్లో ఒక వాచీ షాపాయన దగ్గర దొరికింది, సీఆర్2032, మూడు వోల్టులు, నలభై రూపాయలు. ఆ నంబరుకి అర్థం కూడా ఆయనే చెప్పినాడు, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. ఇంటికొచ్చి ప్లగ్గు పీకేసి, పక్క రేకు విప్పి, పదేళ్ళ దుమ్ము ఊది, తుమ్ముకుంటూ, వీడియో కాల్లో తమ్ముడు చూస్తాంటే పక్కనున్న చిన్న క్లిప్పు గోరుతో నొక్కా. సెల్లు టప్పున పైకి లేచింది. ప్లస్ గుర్తు పైకి ఉండేట్టు కొత్తది పెట్టా. ఐదు నిమిషాల పని.

ఇంతకన్నా సిగ్గుపడే ముక్క ఇంకోటి ఉంది. ఈ మూడు నెలలూ పొద్దున ఆన్ చేయగానే నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు నాలుగు లైన్లు వచ్చేవి. మొదటి రోజు మా ఆయన్ని అడిగితే "ఏదో అప్డేట్ అయ్యుంటాది, ఎఫ్2 నొక్కు పోతాది" అన్నాడు. నొక్కితే పోయింది. ఇంక రోజూ దేవుడికి దండం పెట్టినట్టు ఎఫ్2 నొక్కడమే. ఎప్పుడో తీసిన ఫోటో ఉంటే తమ్ముడికి పంపినా. సీమాస్ చెక్సమ్ బ్యాడ్, సీమాస్ డేట్ టైం నాట్ సెట్ అని ఇంగ్లీషులో స్పష్టంగా రాసి ఉంది. సీమాస్ అంటే ఆ సెల్లు మీదే ఆధారపడి డేటూ సెట్టింగులూ గుర్తుపెట్టుకునే చోటంట. సమాధానంగా వాడు ఒక్క దండం బొమ్మ పెట్టినాడు.

అత్తమ్మకి విషయం చెప్తే "అయితే నేను ఆపబట్టే కదమ్మా దొరికింది" అంది. కాదనడానికి నా దగ్గర ఏం లేదు. ఇప్పటికీ రాత్రి టక్ టక్ ఆగలేదు, డేటు మాత్రం కరెక్టుగా ఉంటాంది. ఆ సోషల్ పేపర్ ఫైలు తేదీ నేను మార్చలేదు, 2009 జనవరి 1 అనే ఉంది. ఆ పరీక్ష రాసిన పిల్లోళ్ళలో చానామంది అప్పటికి పుట్టనేలేదు.