తలసీమియా పిల్లల కోసం ఖర్దుంగ్ లా పరుగు

లద్దాఖ్‌లో సెప్టెంబరులో జరిగే ఖర్దుంగ్ లా ఛాలెంజ్ 72 కిలోమీటర్ల పరుగు. తెల్లవారుజామున 3 గంటలకు ఖర్దుంగ్ గ్రామంలో మొదలై, నార్త్ పుల్లు మీదుగా 5,300 మీటర్లకు పైబడిన ఖర్దుంగ్ లా కనుమను ఎక్కి, సౌత్ పుల్లు మీదుగా లేహ్ పట్టణానికి దిగే ఈ దారిని 14 గంటల్లో ముగించాలి. తిరుపతి చుట్టుపక్కల తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న పిల్లల మందుల ఖర్చు భరిస్తున్న ఒక స్వచ్ఛంద సంస్థకు విరాళాలు సేకరించాలని సంకల్పించినప్పుడు, తేలికైన పరుగులు ఎన్ని ఉన్నా నేను దీన్నే ఎంచుకున్నాను.

తీవ్రమైన తలసీమియా ఉన్న పిల్లల ఒంట్లో, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాదు కనుక, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాల్సిందే. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా మందులూ వాడుతూ ఉండాలి. రక్తం ఎక్కించే రోజు దగ్గరపడేసరికి తన కొడుకు మేడమెట్లు ఎక్కలేక మధ్యలోనే కూర్చుండిపోతాడని ఒక తల్లి నాతో చెప్పారు. ఖర్దుంగ్ లా పైన గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు సగమే కాబట్టి, ఆ ఆయాసం ఎలాంటిదో అక్కడ ఆరోగ్యవంతుడికి కూడా కొంత తెలుస్తుంది. ఈ పరుగును ఎంచుకోవడానికి కారణం అదే.

సాధన చాలావరకు మన కొండమీదే సాగింది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఉన్నాయి. ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగిస్తూ ఎక్కే మొక్కుబడి భక్తుల మధ్య పరుగెత్తడం నాకు సమ్మతం కాలేదు. అందుకే ఎక్కేటప్పుడు వేగంగా నడిచేవాణ్ణి, బస్సు ఎక్కకుండా మెట్ల మీదుగానే దిగేవాణ్ణి. కనుమ దాటాక దాదాపు 40 కిలోమీటర్ల దిగుడు ఉంటుంది కనుక తొడలకు ఆ అలవాటు ఎంతో అవసరం. అయితే తిరుమల ఎత్తు 900 మీటర్లలోపే. పలుచని గాలికి ఒళ్లు అలవాటు పడాలంటే 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌కు ముందుగానే చేరి, అక్కడ ఓపికగా గడపడం తప్ప మరో మార్గం లేదు. ఆ రోజుల్లో శరీరం తనంతట తాను ఎర్ర రక్తకణాలను పెంచుకుంటుంది. ఆ పిల్లలకు లేనిది సరిగ్గా ఆ శక్తే.

డబ్బు విషయంలో మొదటే ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. ప్రయాణం, బస, ప్రవేశ రుసుము నా సొంత ఖర్చు. విరాళం నా చేతికి రాకుండా నేరుగా సంస్థ ఖాతాకే వెళ్లాలి. రూ.2,000కు మించి నగదుగా ఇస్తే ఆదాయపు పన్నులో 80జీ సెక్షన్ కింద మినహాయింపు రాదని కూడా ముందే అందరికీ చెప్పాను. "పరుగెత్తకుండానే ఆ ఖర్చంతా పిల్లలకే ఇచ్చేయొచ్చు కదా సార్?" అని మా ఆఫీసులో ఒకతను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ విరాళం కోసమని పిలిస్తే నిలబడనివారు సైతం, 72 కిలోమీటర్లు అనగానే ఆగి, ఎవరి కోసమని అడిగారు. అలా అడిగిన ప్రతి ఒక్కరికీ ఈ జబ్బు గురించి చెప్పే అవకాశం నాకు దక్కింది.

పరుగు రోజున నార్త్ పుల్లు దాటాక నీళ్ల సీసా మూతి గడ్డకట్టింది. పళ్లతో ఆ మంచును కొరికి ఉమ్మేస్తే గాని గుక్క నీళ్లు దిగలేదు. కనుమకు ముందున్న మలుపుల్లో పరుగన్న మాటే లేదు. నాలుగడుగులు వేయడం, చేతికర్ర మీద వాలి ఊపిరి తీసుకోవడం, మళ్లీ నాలుగడుగులు. మేడమెట్ల మీద కూర్చుండిపోయే ఆ పిల్లవాడే అప్పుడు నా మనసంతా నిండి ఉన్నాడు. దిగుడులో మాత్రం అలిపిరి మెట్ల సాధన నన్ను కాపాడింది, గడువులోపే లేహ్ చేరాను.

తిరిగి వచ్చాక సంస్థ నుంచి రసీదులు, జమ వివరాలు తీసుకుని దాతలందరికీ పంపించాను. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే తమకు తీవ్రమైన జబ్బు లేకపోయినా దాని జన్యువును మోస్తున్నవారైతే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుందని, వాహకులెవరో చాలావరకు హెచ్‌బీఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్‌ను కొలిచే రక్తపరీక్షతో తెలిసిపోతుందని ఆ ఉత్తరంలోనే రాశాను. దాతల్లో ఒకరు తమ మేనకోడలికి సంబంధం ఖాయం చేసేముందు ఆ పరీక్ష ఎక్కడ చేయించాలో కనుక్కోవడానికి ఫోన్ చేశారు.