పదమూడో ఎక్కం ఎవరి కోసం?

"మా స్కూల్లో పన్నెండు దాకానే చాలమ్మా. పదమూడు నేను నేర్చుకోను" అంది మా పెద్దది. అరవలేదు, ఏడవలేదు. పుస్తకం మూసి, దాని మీద పెన్సిల్ పెట్టి, అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. మేం ఉండేది ఇంగ్లండులో, సెలవులకు శ్రీకాకుళంలో మా అమ్మావాళ్ళింటికి వచ్చాం. సెప్టెంబరులో అది ఇయర్ ఫోర్‌లోకి, అంటే ఎనిమిదేళ్ళు నిండిన పిల్లల తరగతిలోకి, వెళ్తుంది కాబట్టి రోజూ పొద్దున్న కాసేపు ఎక్కాలు చదవాల్సిందేనని నేను పట్టుబట్టాను. ఆ పట్టు ఎవరి కోసమన్నది అప్పటి నుంచీ తెగట్లేదు.

ఇంగ్లండులో ఇయర్ ఫోర్ పిల్లలకు జూన్‌లో ఎక్కాల పరీక్ష పెడతారు. 2022 నుంచి ప్రభుత్వ నిధులతో నడిచే బడులన్నింటిలో అది తప్పనిసరి. కంప్యూటర్ ముందు కూర్చుని 25 ప్రశ్నలకు జవాబు కొట్టాలి, ఒక్కోదానికి 6 సెకన్లు. పన్నెండు పన్నెండుల నూట నలభై నాలుగు దాటి ఏదీ అడగరు. పాస్ మార్కు అంటూ లేదు. అయినా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఏడాది ముందే టెన్షన్ మొదలవుతుంది.

నా దిగులు పరీక్ష గురించి కాదు. మా చిన్నప్పుడు దీపాలు పెట్టే వేళకి కాళ్ళూ చేతులూ కడుక్కుని వరసగా కూర్చుని, నాన్నకి ఇరవై దాకా ఎక్కాలు అప్పజెప్పేవాళ్ళం. కరెంటు పోయినా అవి ఆగేవి కావు. చీకట్లో చదవగలిగిన పాఠం అదొక్కటే. పదిహేడు ఎనిమిదులు నూట ముప్పై ఆరని ఇప్పటికీ ఆలోచించకుండానే నోటికి వస్తుంది. ఎవరూ తీసుకోలేని నా సొంత ఆస్తి అది. మా ఇంట్లో తెలుగు రాయడం గుణింతాల దగ్గర ఆగింది. పండగలు శనివారాలకు మారాయి. లెక్కలైనా మా నాన్న నాకు ఇచ్చినట్టు నేను దీనికి ఇవ్వాలని ఉంటుంది.

పదహారో ఎక్కం అసలు ఎందుకు నేర్పేవారని నాన్ననే అడిగాను. "రూపాయికి పదహారణాలు కదమ్మా. ఆ ఎక్కం రాపోతే కొట్లో మోసపోతామని చెప్పీవోరు" అన్నారు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చేనాటికి ఆయన చిన్న పిల్లాడు. అణాలు పోయినా పంతుళ్ళు ఆ ఎక్కాన్ని వదల్లేదు, ఆయనా మా దగ్గర వదల్లేదు. ఇంగ్లండులోనూ 1971 ఫిబ్రవరి దాకా షిల్లింగుకు 12 పెన్నీలు, పౌనుకు 20 షిల్లింగులు. అక్కడి పాతవాళ్ళకు పన్నెండో ఎక్కం బజారు అవసరం, ఇక్కడి పాతవాళ్ళకు పదహారోది. ఇప్పుడు అణాలూ లేవు, షిల్లింగులూ లేవు. పదమూడు దేనికని నా కూతురు అడిగితే మేం నేర్చుకున్నాం కాబట్టి అని తప్ప ఇంకో జవాబు నా దగ్గర లేదు. అది జవాబు కాదని దానికి తెలుసు.

కానీ పన్నెండు దాకా నోటికి రావాలన్న మాట మాత్రం వదులుకోను. భాగహారం మధ్యలో ఆగి ఆరు ఏడులు ఎంత అని వేళ్ళు మడుస్తుంటే అసలు లెక్క ఎక్కడుందో మర్చిపోతారు. నోటికి ఎలా తేవాలన్నదే చిక్కు. మేం చేసిన పనుల్లో బాగా కలిసొచ్చింది ఒకటుంది. కాగితం మీద అడ్డంగా 12, నిలువుగా 12 గళ్ళు గీశాం. 144 గళ్ళు చూడగానే దాని ముఖం చిన్నబోయింది. ఏడు ఎనిమిదులన్నా ఎనిమిది ఏడులన్నా ఒకటే కాబట్టి రెండోసారి వచ్చేవి తీసేస్తే 78 మిగిలాయి. 1, 2, 5, 10, 11 దానికి వచ్చు. వాటిని ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తే 28 మిగిలాయి. "ఇంతేనా!" అంది. అందులోనూ నాలుగో ఎక్కం అంటే రెట్టింపును మళ్ళీ రెట్టింపు చెయ్యడమే. ఆరు ఏడులు, ఏడు ఎనిమిదులు, ఎనిమిది పన్నెండుల లాంటి మొండివి కొన్నే. వాటిని ఆటోలో, చపాతీలు వత్తేటప్పుడు, జడ వేసేటప్పుడు ఒకటీ రెండూ అడుగుతాను. పుస్తకం పెట్టుకుని కూర్చోవడం పది నిమిషాలు దాటితే మా ఇద్దరికీ పడదు.

తీసివేతల దగ్గర ఇంకో గొడవ. నాకు తెలిసింది పక్క అంకె దగ్గర ఒకటి అప్పు తెచ్చుకోవడం. వందలోంచి అరవై మూడు తియ్యాలంటే పదుల దగ్గరా సున్నా, ఒకట్ల దగ్గరా సున్నా. అప్పు కోసం వందల దాకా వెళ్ళాలి. మా అమ్మాయి అలా చెయ్యదు. ఒక గీత గీసి, అరవై మూడు నుంచి డెబ్భైకి ఏడు గెంతి, డెబ్భై నుంచి వందకి ముప్పై గెంతి, ముప్పై ఏడు అంటుంది. గీత లేకుండా చెయ్యమని నేను, ఇదే సరైనదని అది.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కూరగాయలు కొన్నాం. ఇప్పుడు ఇక్కడ కొబ్బరిబొండానికి కూడా ఫోన్‌తో స్కాన్ చెయ్యడమే కాబట్టి చిల్లర లెక్క పిల్లలు చూడాలంటే కావాలని నోటివ్వాలి. అందుకే దాని చేతికి వంద కాగితం ఇచ్చాను. అరవై మూడయింది. ఆ ముసలావిడ చిల్లర దాని అరచేతిలో ఒక్కొక్కటే పెడుతూ, "అరవై మూడు. ఇంద, రెండు... అరవై అయిదు. అయిదు... డెబ్భై. ఈ ముప్పయ్యీ ఏస్తే వంద. సరిపోనాది" అంది. మా అమ్మాయి చిల్లర వైపు చూడలేదు, నా వైపు చూసింది. "అమ్మా, ఆవిడది మా స్కూల్ పద్ధతే!" నిజమే. మేం కాగితం మీద పక్క అంకె దగ్గర అప్పులు చేస్తుంటే, మా ఊరి బజార్లో తీసివేతను ఎప్పుడూ కూడికగానే చేశారు. ఇంగ్లండు నుంచి వచ్చిందని నేను అనుకుంటున్నది నేను పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉంది. ఇంటికొచ్చాక గీత గియ్యొద్దని మళ్ళీ అనలేదు.

అన్నింటికంటే నా మనసులో నిలిచిపోయింది జీడిపప్పు. మా బాబాయి కాశీబుగ్గ నుంచి వస్తూ రెండు పావుకిలో పొట్లాలు తెచ్చారు. ఒకదాని మీద డబ్ల్యూ 240, రెండోదాని మీద డబ్ల్యూ 320. పెద్ద నంబరు కాబట్టి 320 మంచి రకమని మా అమ్మాయి తేల్చేసింది. "ఓలమ్మ, పెద్ద నంబరే చవక తల్లీ!" అన్నారు బాబాయి. ఎందుకో చెప్పలేదు, పళ్ళేలు తెమ్మన్నారు.

అమ్మా, అదీ నేల మీద కూర్చుని చెరో పొట్లం విప్పి పదేసి చొప్పున కుప్పలు పెట్టారు. 240 పొట్లంలో పన్నెండు కుప్పలు, పైన ఏడు. 320 దాంట్లో పదిహేడు కుప్పలు, పైన రెండు. రెండూ పావుకిలోలే. ఒక కుప్పలోంచి ఒకటి, రెండో కుప్పలోంచి ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూసుకుంది. అప్పుడు చెప్పారు బాబాయి: ఆ అంకె పౌను తూకానికి, అంటే దాదాపు 454 గ్రాములకు, ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. డబ్ల్యూ అంటే విరగని తెల్ల గుండు. పౌనుకు 180 తూగేవి ఇంకా లావు, ధరా ఎక్కువే. పలాస వైపు ఇళ్ళల్లో ఈ అంకెలు పిల్లలకు కూడా తెలుసు.

అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకేనా మూడో వంతు కన్నా పావు చిన్నది?" అంది. కిందటి టర్మ్ అంతా నాలుగు పెద్దది కాబట్టి నాలుగో వంతే పెద్దదని వాదించింది. వాళ్ళ టీచర్ కాగితం ముక్కలు మడిచి చూపించారు, నేను పిజ్జాలు గీసి చూపించాను. అవుననేది, మర్నాడు మళ్ళీ మొదటికే వచ్చేది. జీడిపప్పు ముందు కూర్చుని అదే అడిగి, అదే సమాధానం చెప్పుకుంది: ఒకే తూకాన్ని ఎక్కువమందికి పంచితే ఒక్కొక్కరికీ తగ్గుతుంది. అక్కడితో ఆగకుండా, 240 రకం పావుకిలోలో నూట ఇరవై ఏడు వచ్చాయి, అది సగం కన్నా కాస్త ఎక్కువ, కాబట్టి 180 రకమైతే తొంభై దాటి వందలోపు రావాలని లెక్కేసింది. సరైన అంచనాయే. దాన్ని ఎవరూ అడగలేదు. ఎవరూ అడగకుండా అది లెక్క చెయ్యడం నేను చూడటం అదే మొదలు.

ఆ సాయంత్రం నుంచీ నాకు నిలకడ లేదు. తెలిసినవాళ్ళు అడిగితే వస్తువులతో చెప్పండి, పిల్లల పద్ధతిలోనే చెయ్యనివ్వండి, కొంచెంసేపే కూర్చోబెట్టండి అని చెబుతున్నాను. తీరా తెల్లారేసరికి నాన్న కాఫీ తాగుతూ, "మన అమ్మలు ఏ ఎక్కం దాకా వచ్చింది?" అనగానే నా చెయ్యి పుస్తకం మీదకి పోతుంది. చింతపిక్కలతో, జీడిపప్పుతో ఆడుతూ నేర్చుకునేది అర్థాన్నిస్తుంది, కానీ ఆరు సెకన్లలో జవాబునివ్వదు. వల్లె వేసింది జవాబునిస్తుంది, కానీ అర్థం దానంతట అది రాదు. రెండూ కావాలన్నది తేలికే. అక్కడి పనిదినాల్లో, స్కూలుకీ నిద్రకీ మధ్య మిగిలే ఆ కొద్ది సమయంలో దేనికి ఎంత ఇవ్వాలో మాత్రం నాకు తెలియట్లేదు. ఇక్కడ కుప్పలు పెట్టడానికి అమ్మ ఉంది, బాబాయి ఉన్నారు, పొద్దున్నంతా ఖాళీ ఉంది. అక్కడ నేనొక్కదాన్నే.

దానికితోడు చిన్నవాడు. ఈ సెప్టెంబరులో రిసెప్షన్‌లో, అంటే అక్కడి బడిలో మొట్టమొదటి తరగతిలో, చేరతాడు. డాబా మెట్లెక్కుతూ పది దాకా తెలుగులో లెక్కపెట్టి, పదకొండు నుంచి ఇంగ్లీషులోకి దిగిపోతాడు. వాడికి వామనగుంటలతో మొదలుపెట్టమని అమ్మ అంటోంది. గుంటకి అయిదు చొప్పున పద్నాలుగు గుంటల్లో డెబ్భై పిక్కలు, పంచుకుంటూ పోతే కూడికా తీసివేతా వాటంతట అవే వస్తాయంటుంది. స్కూలు చెప్పేది చాలు, ఇంట్లో ఆడుకోనివ్వమని మా ఆయన అంటారు. పొద్దున్న అమ్మ మాట నిజమనిపిస్తుంది, రాత్రి ఆయన మాట. వాడిని వదిలేస్తే పెద్దది ఊరుకోదు, నన్నెందుకు కూర్చోబెట్టావని అడుగుతుంది. ఇద్దరు పిల్లలకీ లెక్కలు రెండు రకాలుగా నేర్పినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, పెద్దబిడ్డకి ఆ తేడా ఏమని చెప్పుకున్నారో నాకు చెప్పండి.