మడమ ఆనాల

"ఇంకో ఏడాదికి సరిపోతాదిలే అన్నా, అదే ఇచ్చెయ్."

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర సైకిల్ షాపులో, ఈ సాయంత్రం ఒక నాయన మాట. బ్యాలెన్స్ బైక్ మీద పిల్లోడు. మడమలు గాల్లో, మునివేళ్లు మాత్రం బండల మీద.

పెడల్ లేని బండి అది. తోసేదీ కాళ్లే, ఆపేదీ కాళ్లే. మడమ ఆనకపోతే తోసే బలం రాదు, ఆగే ధైర్యం రాదు. రెండుసార్లు పక్కకు ఒరిగితే మూడోసారి ఎక్కమన్నా ఎక్కడు.

వయసు చూసి కొనొద్దండి, కాలు కొలవండి. బూట్లేసి గోడకు నిలబెట్టి, కాళ్ల మధ్య పుస్తకం పైకంటా ఆనించి, నేల నుంచి దాని పైఅంచు దాకా టేపు పట్టండి. 36 సెంటీమీటర్లు వస్తే సీటు 33, 34లో ఉండాల. అప్పుడే మోకాలు కాస్త వంగుతుంది. అట్టపెట్టె మీద సీటు కనీస ఎత్తే 36 అని ఉంటే ఆ బండి వదిలెయ్యండి.

బరువూ చూడండి. 12 కిలోల బిడ్డకు మూడున్నర కిలోలు దాటితే తిప్పుకోవడం కష్టం.

పెరిగేకొద్దీ సీటు లేపుకోవచ్చు, సీటు కింది రాడ్ మీద ఉండే హద్దు గీత బయటపడనంత వరకే.

షాపాయన సీటు బోల్టు వదులు చేసి రెండు వేళ్లంత దించినాడు. మడమలు ఆనినాయి. పిల్లోడు గడప దాకా తోసుకుంటా పోయినాడు.