వీయూ3తో మొదలుపెట్టి: పాత హామ్‌ల మధ్య కుదురుకోవడంలో నా అనుభవం

హామ్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా చేసే రేడియో సంభాషణల్లో, కొత్త అన్న సంగతి దాచుకోవడం కుదరదు. మన దేశంలో కింది మెట్టు లైసెన్సు అయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ వాళ్ల కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) వీయూ3తో, పై మెట్టు జనరల్ గ్రేడ్ వాళ్లది వీయూ2తో మొదలవుతుంది. కాల్‌సైన్ చెప్పగానే అవతలివాళ్లు మనల్ని ఒక మెట్టు మీద నిలబెట్టేస్తారు. ఏళ్ల తరబడి వీయూ3గానే ఉండిపోయిన గట్టి ఆపరేటర్లూ ఉన్నారు, అయినా మొదటి అంచనా అదే. ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు, ఆ మాట వందమంది వింటారు. పాతవాళ్లు కసురుకుంటారని కొత్తవాళ్లు, కొత్తవాళ్లకు పద్ధతి తెలియదని పాతవాళ్లు అనుకోవడానికి నా లెక్కలో అసలు కారణం ఇదే. స్వభావాల తేడా ఆ తర్వాత సంగతి.

పరీక్ష గురించి క్లుప్తంగా చెబుతాను. కేంద్ర టెలికం శాఖలో వైర్‌లెస్ వ్యవహారాలు చూసే డబ్ల్యూపీసీ విభాగం ఏఎస్‌ఓసీ (హామ్ ఆపరేటర్ సర్టిఫికెట్) పరీక్ష నిర్వహిస్తుంది, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టుకోవాలి, 12 ఏళ్లు నిండితే చాలు. రేడియో సిద్ధాంతం ఒక భాగం, నియమాలు రెండో భాగం. ఓమ్ సూత్రం లెక్కల మీదే కూర్చుని నియమాలను తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎక్కువ. రెండు భాగాల్లోనూ విడివిడిగా కనీస మార్కులు రావాలి కాబట్టి అక్కడే దెబ్బతింటారు. హైదరాబాద్‌లో 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉండటం తెలుగువాళ్లకు కలిసొచ్చిన విషయం. సర్టిఫికెట్ చేతికొచ్చినా లైసెన్సు, కాల్‌సైన్ వచ్చేదాకా పీటీటీ (మాట్లాడటానికి నొక్కే మీట) నొక్కకూడదు. అది నేరం.

ఆ ఎదురుచూపు కాలాన్ని వినడానికి వాడుకోవాలి. రోజుకు అరగంట చొప్పున రెండు వారాలు ఒకే నెట్ (హామ్‌లు నిర్ణీత సమయానికి ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసే కూటమి) వింటే ఎవరు ఏ క్రమంలో చెక్‌ఇన్ అవుతున్నారో (హాజరు చెబుతున్నారో), దాన్ని నడిపే నెట్ కంట్రోలర్ ఎక్కడ ఆగుతున్నారో, మధ్యలో దూరడానికి 'బ్రేక్' అని ఎవరు ఎప్పుడు అంటున్నారో చెవికి పట్టేస్తుంది. పుస్తకంలో ఉండేవి క్యూ కోడ్‌లు (క్యూతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు), వాటి మధ్య ఉండే విరామాలు వింటేనే వస్తాయి.

రిపీటర్ (మన సిగ్నల్‌ను అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్) మీద మొదటి రోజుల్లో జరిగే తప్పులన్నీ చిన్నవే, కానీ అందరికీ వినిపిస్తాయి. పీటీటీ నొక్కీ నొక్కగానే మాట మొదలుపెడితే కాల్‌సైన్‌లో మొదటి అక్షరం తెగిపోతుంది, ఎందుకంటే రిపీటర్ మన టోన్‌ను (మాటతో పాటు సెట్ పంపే గుర్తింపు శబ్దాన్ని) గుర్తించి తెరుచుకోవడానికి కొంత సమయం పడుతుంది. నొక్కి, ఒక సెకను ఆగి, అప్పుడు మాట్లాడాలి. అవతలివాళ్లు ముగించాక రెండు సెకన్లు ఖాళీ వదలాలి. ఆ ఖాళీ మర్యాద కోసం పెట్టింది మాత్రమే కాదు, అత్యవసరంగా దూరాల్సిన స్టేషన్‌కు అదే దారి. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ బృందం హామ్ రేడియోతో సమాచారం చేరవేసింది. అలాంటి రోజులు చూసినవాళ్లు రెండు సెకన్ల గురించి ఎందుకు అంత పట్టుబడతారో అర్థం చేసుకోవచ్చు. ఇక ఏకబిగిన మాట్లాడుతూ పోతే రిపీటర్‌లోని టైమర్ మధ్యలోనే కోసేస్తుంది. చాలాచోట్ల దాన్ని మూడు నిమిషాలకు పెడతారు.

సెట్టింగుల్లో నాలుగు చూసుకోవాలి: రిపీటర్ అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ, ఆఫ్‌సెట్, అంటే మనం వినే, పంపే ఫ్రీక్వెన్సీల తేడా (145 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే 2 మీటర్ల బ్యాండ్‌లో సాధారణంగా మైనస్ 600 కిలోహెర్ట్జ్), రిపీటర్‌ను తెరిచే సీటీసీఎస్ఎస్ టోన్, బ్యాండ్‌విడ్త్ (సిగ్నల్ వెడల్పు). రిపీటర్ వినిపిస్తోంది కానీ తెరుచుకోవడం లేదంటే ముందుగా అనుమానించాల్సింది ఆఫ్‌సెట్, టోన్‌లనే. తెరుచుకుంటోంది కానీ గొంతు నూతిలోంచి వస్తున్నట్టు ఉందని అంటుంటే సెట్ 'న్యారో'లో ఉండిపోయిందేమో చూడాలి, 'వైడ్'కు మార్చగానే సరిపోతుంది. చేతిసెట్ యాంటెన్నాను నిటారుగా పట్టుకోవాలి. నడుముకు తగిలించి మాట్లాడితే సిగ్నల్లో చాలా భాగం ఒంటికే పోతుంది.

డాబా మీద యాంటెన్నా కావాలంటే కేబుల్ తగిలించే ఎస్‌ఓ-239 సాకెట్, ఐదు ఇత్తడి కడ్డీలు చాలు. 145 మెగాహెర్ట్జ్‌కు నిలువు కడ్డీ 49 సెంటీమీటర్లు, కిందికి 45 డిగ్రీల వంపుతో నాలుగు కడ్డీలు 51 సెంటీమీటర్ల చొప్పున. దాని కింద 30 మీటర్ల సన్నని ఆర్‌జీ-58 కేబుల్ వేస్తే మాత్రం కష్టమంతా వృథా. 5 వాట్లలో పైకి చేరేది ఒకటీ పావు వాట్ దగ్గరే. కేబుల్ పది మీటర్లలోపు ఉంచాలి, లేదా మందపాటి కేబుల్ కొనాలి.

సాయం అడగడం దగ్గరే సంబంధాలు కుదురుతాయి, చెడిపోతాయి కూడా. 'సార్, నా సెట్ పనిచేయడం లేదు' అంటే ఏ సీనియర్ అయినా పది ఎదురు ప్రశ్నలు వేయాలి. ఆ పది ప్రశ్నలూ ఆయన అప్పటికే ఎంతోమందిని అడిగి ఉంటారు. అదే 'ఉప్పల్ నుంచి, రెండో అంతస్తు బాల్కనీ, 5 వాట్ల చేతిసెట్, ఆఫ్‌సెట్ మైనస్ 600, టోన్ పెట్టాను, రిపీటర్ నిండుగా వినిపిస్తోంది, నేను వదిలాక దాని తోక వినబడటం లేదు' (తోక అంటే మనం ఆపాక రిపీటర్ నుంచి ఒక క్షణం వినిపించే శబ్దం) అని చెబితే జవాబు ఒక్క వాక్యంలో వచ్చేస్తుంది. ఏ సెట్ కొనాలి అన్న ప్రశ్నా అంతే. బడ్జెట్, ఇల్లు సొంతమా అద్దెదా, డాబా దొరుకుతుందా, ఎవరితో మాట్లాడాలనుకుంటున్నాం అన్న నాలుగూ కలిపి చెప్పకుండా అడిగితే ఎవరికి నచ్చిన సెట్ పేరు వాళ్లు చెబుతారు, ఆ పేర్ల మీదే వాదన మొదలవుతుంది. జవాబు పనిచేశాక మళ్లీ వచ్చి ఏది పనిచేసిందో చెప్పడం మరవకూడదు. సగంమంది అక్కడే మాయమవుతారు, పాతవాళ్ల ఓపిక అరిగిపోయేదీ అక్కడే.

పిలుపుల సంగతి కొంచెం విచిత్రం. బ్యాండ్ మీద పద్దెనిమిదేళ్ల కుర్రాడైనా ఓఎం, అంటే ఓల్డ్ మ్యాన్. డెబ్భై ఏళ్ల పెద్దాయన్ని ఓఎం అనడానికి మన నోరు మొదట్లో రాదు. కాల్‌సైన్ చెప్పి, పేరు తర్వాత 'గారు' చేర్చితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. తెలుగు నెట్లలో ఎక్కువగా వినిపించేదీ అదే. ఊరికే సార్ సార్ అంటుంటే వినేవాళ్లకు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు, కాల్‌సైన్ లాగ్‌లో (సంభాషణలు రాసుకునే పుస్తకంలో) పడదు. లాగ్ అనగానే ఇంకోటి: సమయం యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో) రాయాలి. మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. తెల్లవారుజామున మాట్లాడితే తేదీ కూడా ఒకరోజు వెనక్కి పోతుంది. ఇది తప్పితే క్యూఎస్‌ఎల్ కార్డు (మాట్లాడినట్టు ధ్రువీకరిస్తూ పంపుకునే కార్డు) అవతలివాళ్ల లాగ్‌తో కలవదు.

పాతవాళ్ల వైపు తప్పు లేదని అనను. కొత్త స్టేషన్ తడబడినప్పుడు అందరూ వింటుండగా దిద్దడం పెద్ద తప్పు. ఆ రోజు మైక్ కింద పెట్టేసినవాళ్లు నెలలపాటు మళ్లీ ఎత్తరు. నెట్ ముగిశాక ఫోన్ చేసి 'మీ మొదటి అక్షరం తెగుతోంది, ఒక సెకను ఆగి చూడండి' అంటే వారంలో సర్దుకుంటుంది. బ్యాండ్ మీద అక్కడికక్కడ చెప్పాల్సినవి రెండే: వేరొకరి సంభాషణ మీద మాట్లాడుతున్నప్పుడు, బ్యాండ్ హద్దు దాటినప్పుడు. ఊరికే 59 రిపోర్టు (స్పష్టత 5, బలం 9, అంటే అంతా బాగుందని) ఇచ్చేయడం కూడా కొత్తవాళ్లకు అన్యాయమే. '53, వెనక ఫ్యాన్ హోరు ఉంది' అంటే వాళ్లు ఏదో ఒకటి సరిచేసుకోగలరు.

హెచ్‌ఎఫ్‌కు (దూరాలకు వెళ్లే తక్కువ ఫ్రీక్వెన్సీల బ్యాండ్‌లకు) వచ్చేసరికి పాతవాళ్ల చేతులు నిజంగానే అవసరం. 40 మీటర్ల బ్యాండ్ డైపోల్‌కు (మధ్యలో కేబుల్ కలిపే రెండు వైపుల తీగ యాంటెన్నాకు) లెక్క 143ను మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీతో భాగించడం: 7.1కి 20.14 మీటర్లు, అంటే ఒక్కో వైపు 10.07. తీగను 10.5 చొప్పున కోసి, కట్టి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి సిగ్నల్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) ఎక్కడ తగ్గుతోందో చూడాలి. 6.9 దగ్గర తగ్గితే తీగ పొడవు ఎక్కువైనట్టు. 100 కిలోహెర్ట్జ్ పైకి జరపడానికి ఒక్కో వైపు 14 సెంటీమీటర్లు తగ్గించాలి. కోయొద్దు, మడిచి తీగకే చుట్టండి, ఎత్తు మారితే లెక్కా మారుతుంది. ఆరేడు మీటర్ల ఎత్తులో కట్టిన డైపోల్ సిగ్నల్‌ను ఎక్కువగా నెత్తి మీదికే పంపుతుంది. పగటిపూట హైదరాబాద్ నుంచి విజయవాడ, విశాఖపట్నం మాట్లాడటానికి కావాల్సిందీ అదే.

'ఎంత పిలిచినా ఎవరూ పలకడం లేదు' అనే వీయూ3ల్లో చాలామందికి జవాబులు వస్తూనే ఉంటాయి, ఇంట్లో గోలకు వినబడవు. సెట్‌ను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపి చూడండి. సెట్‌లో సిగ్నల్ బలం చూపే మీటర్ ఎస్7 నుంచి ఎస్3కి పడితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో స్విచ్ వేసుకుంటూ పోతే ఏదో చవక ఎల్ఈడీ బల్బో, చార్జరో, ఇన్వర్టరో పట్టుబడుతుంది.

వీయూ2కి వెళ్లడానికి మోర్స్ (చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే పద్ధతి) కావాలి, నిమిషానికి 8 పదాలు, అంటే 40 అక్షరాలు. చుక్కలు, గీతలు లెక్కపెట్టుకుంటూ నేర్చుకున్నవాళ్లు ఆ వేగం దగ్గరే ఇరుక్కుపోతారు. అక్షరాన్ని 18 పదాల వేగంతో వింటూ, అక్షరాల మధ్య ఖాళీ పెంచుకోవాలి. అప్పుడు ఒక్కో అక్షరం ఒక రాగంలా చెవిలో పడుతుంది. రోజుకు 15 నిమిషాలు తప్పకుండా చేయాలి. ఆదివారం రెండు గంటలు కూర్చుంటే నిలవదు. సీడబ్ల్యూలో (మోర్స్ సంభాషణల్లో) నాకు బాగా నచ్చిన సంప్రదాయం, పిలిచినవారి వేగంతోనే జవాబివ్వడం. నిమిషానికి 30 పదాలు కొట్టగలిగిన చేయి కూడా 8తో పిలిచినవారికి 8తోనే బదులిస్తుంది. అలా ఇవ్వకపోతే మూడు అక్షరాలు పంపాలి: క్యూఆర్‌ఎస్, నెమ్మదిగా పంపమని. వెంటనే వేగం తగ్గుతుంది, పంపిందే మళ్లీ పంపుతారు.