1968 జీటీవో కొన్నాను, ధర ఎలా తేల్చుకున్నానంటే

మిషిగన్‌లో కార్ల కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూజ్ వాళ్లకి కొత్తేమీ కాదు. రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని చూడటం కాదు, మనమే ఒక పాత కారు కొనాలంటే ఎలా అని ఈ మధ్య అడుగుతున్నారు. నేను 1968 పాంటియాక్ జీటీవో కొన్నాను కాబట్టి ఆ దారి ఎలా సాగిందో రాస్తున్నాను. నాకు అర్థమైనంతవరకు ఈ కార్లలో ధర పలికేది మెరుపుకి కాదు, కాగితాలకీ పెయింట్ కింద ఉన్న ఇనుముకీ.

జీటీవోనే ఎందుకంటే, మజిల్ కార్ల, అంటే మధ్యరకం కారులో పెద్ద ఇంజిన్ పెట్టిన వాటి, మోజు ఊపందుకున్నదే దీంతో. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజిన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో ఒక కట్టడి ఉండేది. అదే కంపెనీలో భాగమైన, జాన్ డెలోరియన్ చీఫ్ ఇంజినీరుగా ఉన్న పాంటియాక్ వాళ్లు 1964లో 389 ఇంజిన్ని కొత్త మోడల్ అనకుండా లెమాన్స్ అనే తమ మధ్యరకం కారుకి ఆప్షన్‌గా ఇచ్చి పని కానిచ్చేశారు. ఈ కథ కొనేవాళ్లకి బాగా పనికొస్తుంది. 1964, 65 కార్లలో జీటీవో అన్నది ఒక ఆప్షన్ మాత్రమే, అందుకే విన్ నంబర్, అంటే కారు గుర్తింపు నంబర్, చూస్తే అసలుదో కాదో తెలియదు. 1966 నుంచి వేరే మోడల్ అయింది, 1968 కారుకి నంబర్ 242తో మొదలవ్వాలి. 237 అని ఉంటే అది లెమాన్స్, మీద ఎన్ని జీటీవో బ్యాడ్జీలున్నా సరే.

నాకు మొదట నచ్చిన కారు అలాంటిదే. ఒక డీలర్ దగ్గర, బానెట్ మీద టాకోమీటర్‌తో (ఇంజిన్ వేగం చూపే మీటరు) సహా అన్నీ అమర్చి ఉంది, ధర మాత్రం అసలు జీటీవో ధర. అద్దంలోంచి డ్యాష్‌బోర్డు మీద నంబర్ చూస్తే 237. ఇలా జీటీవోలా తయారుచేసిన లెమాన్స్‌ని క్లోన్ అంటారు. క్లోన్ అని చెప్పి క్లోన్ ధరకి అమ్మితే తప్పేం లేదు, హాయిగా నడుపుకోవాలనుకునేవాళ్లకి అది మంచి బేరం కూడా. చెప్పకుండా అమ్మడమే నాకు నచ్చలేదు, వచ్చేశాను.

తర్వాత దొరికింది ఒక పెద్దాయన దగ్గర, ఎర్ర హార్డ్‌టాప్, ఆటోమేటిక్. నంబర్ 242తోనే ఉంది. బయానా ఇచ్చే ముందు పీహెచ్ఎస్ నుంచి, అంటే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి, ఆ కారు ఫ్యాక్టరీ రికార్డు తెప్పించాను. ఏ ఇంజిన్, ఏ రంగు, ఏ ఆప్షన్లతో కారు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిందో అందులో ఉంటుంది. మన ఊళ్లో స్థలం కొనేముందు ఈసీ తీయించి లింక్ డాక్యుమెంట్లు చూసుకుంటాం కదా, ఇదీ అంతే. ఫోర్డ్‌లకైతే 1967 నుంచి మార్టీ రిపోర్ట్ ఉంది. అదే కాలపు షెవ్రొలే కార్లలో చాలావాటికి ఇలాంటి రికార్డు దొరకదు, ఫ్యాక్టరీలో కారుతో పాటు వచ్చే పాత బిల్డ్ షీట్ లాంటివి మిగిలి ఉంటే అదృష్టమే. నేను పాంటియాక్ వైపు మొగ్గడానికి ఇది సగం కారణం.

రికార్డులో రంగు వెర్డోరో గ్రీన్ అని వచ్చింది. ఎదురుగా ఉన్నదేమో ఎర్రగా ఉంది. పెద్దాయన పాపం దాచలేదు, తను కొన్నప్పుడే ఎర్రగా ఉందన్నాడు. డ్యాష్‌బోర్డు కిందకి తల పెట్టి టార్చ్ కొడితే, లోపలి ఇనుము మీద పాత ఆకుపచ్చ రంగు తుంపర పొగలా అలాగే ఉంది. రంగు మార్చిన కారుకి ధర తగ్గుతుంది, కానీ నాకైతే ఆ ఆకుపచ్చ కనిపించగానే సంతోషమేసింది, ఎందుకంటే కాగితం, కారు ఒకే మాట చెప్తున్నాయి.

ఇంజిన్ దగ్గర ఇంకా ఓపిక కావాలి. బ్లాక్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు రెండక్షరాల కోడ్ పంచ్ చేసి ఉంటుంది. బ్రేక్ క్లీనర్ కొట్టి, గుడ్డతో జిడ్డు తుడిచి, లైటు పక్కనుంచి వాలుగా వేస్తే వై, ఎస్ అని తేలాయి. అంటే 400 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, 350 హార్స్‌పవర్, ఆటోమేటిక్. అయితే అదే కోడ్ ఉన్న బ్లాక్ వేరే కారుది తెచ్చి పెట్టొచ్చు, కాబట్టి అక్కడితో ఆగకూడదు. 1968 నుంచి బ్లాక్ మీద విన్ నంబర్ చివరి అంకెలు కూడా కొట్టారు, అవి కారు నంబర్‌తో కలిశాయి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర పోత పోసిన తేదీ ఉంటుంది, అది కారు తయారైన తేదీకి ముందుండాలి. అదీ సరిపోయింది. మ్యాచింగ్ నంబర్స్, అంటే కారుతో వచ్చిన అసలు ఇంజినే ఉంది, అని ప్రకటనలో రాయడం తేలిక, ఈ అంకెల ఫొటోలు పంపమంటే చాలామంది మాయమైపోతారు.

ఇక తుప్పు. ఈ కార్లకి వెనక అద్దం చుట్టూ ఉండే గాడిలో నీళ్లు నిలిచి, అక్కడ చిల్లులు పడి, డిక్కీలోకి కారుతుంది. పైకప్పు మీద వినైల్ టాప్ (రెక్సిన్ లాంటి తొడుగు) ఉంటే లోపల ఏం జరుగుతుందో కనపడదు కూడా. వెనక చక్రాల పైన మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి జరుపుకుంటూ వెళ్లాను, కుడివైపు ఒకచోట పట్టుకోకుండా జారిపోయింది. అంటే కింద పుట్టీ మందంగా ఉంది. లిఫ్ట్ ఎక్కించి చూసిన మెకానిక్ డిక్కీ ఫ్లోర్ మార్చాల్సిందే అన్నాడు, ఫ్రేమ్ మాత్రం గట్టిగా ఉందన్నాడు. ఫ్రేమ్ పోయి ఉంటే నేను అక్కడే ఆగిపోయేవాణ్ని.

ధర దగ్గరికొస్తే, పాత కార్ల విలువలు ప్రకటించే హాగర్టీ వాళ్లు కార్ల కండిషన్‌ని 1 (అన్నిటికన్నా మంచిది) నుంచి 4 వరకు లెక్కేస్తారు. అమ్మేవాళ్లందరూ తమది 2 అనే అంటారు. రోడ్డు మీద బాగా నడుస్తూ, దగ్గరికెళ్తే లోపాలు కనిపించేది 3, నాది అదే. ప్రకటనల్లో అడిగే ధరలు పక్కనపెట్టి, నిజంగా అమ్ముడైన ధరలే చూశాను. వేలం ధరల్లో కొనేవాళ్లు కట్టే కమిషన్ కలిసిందో లేదో కూడా చూసుకోవాలి. 1968లో జీటీవోలు 87,684 తయారయ్యాయి కాబట్టి అరుదైన కారు అన్న మాటకి నేను పైసా ఎక్కువ కట్టదలచుకోలేదు. ఆయన 46,000 డాలర్లు అడిగాడు. డిక్కీ ఫ్లోర్ కొటేషన్, రికార్డులోని రంగు రెండూ ముందు పెట్టి మర్యాదగానే మాట్లాడాను, 39,500కి ఒప్పుకున్నాడు.

టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద నంబర్, కారు మీద నంబర్ ఒక్కో అంకె సరిచూసుకున్నాకే డబ్బు ఇచ్చాను. మన ఆర్టీవో లాంటి సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో 6 శాతం పన్ను కట్టి పేరు మార్పించుకోవడం మామూలు కారుకి లాగానే అయిపోయింది. పాత కార్లకిచ్చే హిస్టారిక్ నంబర్ ప్లేట్ తీసుకుంటే ఖర్చు తక్కువే, కానీ దాంతో షోలకీ పరేడ్‌లకీ తప్ప రోజూ తిరగకూడదు, ఆగస్టు నెలలో మాత్రం ఎక్కడికైనా వెళ్లొచ్చు.

ఇన్సూరెన్స్ మాత్రం మామూలు పాలసీ తీసుకోకండి. అందులో కారు పాతబడిందని తరుగు తీసేసి కడతారు. అగ్రీడ్ వాల్యూ పాలసీ అడగండి, కారు పూర్తిగా పోతే ముందు రాసుకున్న మొత్తమే వస్తుంది. పీహెచ్ఎస్ కాపీ, ఇంజిన్ అంకెల ఫొటోలు, మెకానిక్ రిపోర్టు పంపితే నా పాలసీ త్వరగానే అయింది. డిక్కీ ఫ్లోర్ పని పూర్తయ్యాక ఆ బిల్లులు కూడా పంపి విలువ పెంచమని అడిగాను, పెంచారు.